కోయక్కర్లేదన్న మనిషి

ఆయన పోయిన సంగతి నాకు లాకుల దగ్గర తెలిసింది, అదీ ఒక వేళాకోళం మధ్యలో.

మా ధాన్యం పడవ అమలాపురం వెళుతూ లాకు తలుపులు తీసేదాకా ఆగింది. మా ముందున్న పడవను గట్టు మీంచి ఇద్దరు తాడు కట్టి లాగుతున్నారు. తాడు ముడి జారిపోయింది. లాగేవాళ్ళిద్దరూ బొక్కబోర్లా పడ్డారు. చుట్టూ ఉన్న పడవల్లో వాళ్ళందరూ నవ్వారు.

"ఎవడ్రా ముడేసింది? ముసలాయన అతుకులా ఊడొచ్చింది!" అని అరిచాడు ఆ పడవ చుక్కాని దగ్గరున్న సరంగు.

ముసలాయన అతుకు. మా కాలవ మీద పన్నెండేళ్ళుగా నలుగుతున్న మాట ఇది. ముడి జారినా, కుండ కారినా, కుదిరిన పెళ్ళి తప్పిపోయినా ఇదే అంటారు. అనేవాళ్ళలో సగం మందికి ఆ ముసలాయన ఎవరో తెలియదు.

"ఆ ముసలాయన మొన్న పోయేడంటండి," అన్నాడు పడినవాళ్ళలో ఒకడు, మోచేతి మట్టి దులుపుకుంటూ.

"ఎవరూ?"

"అదేనండి, అతుకు ముసలాయన. రాజోలు అవతల, పాయ గట్టున ఉండేవోడు."

"ఓరి, ఇన్నాళ్ళూ ఉన్నాడా! ప్రాణం మాత్రం గట్టిగా అతికించుకున్నాడే!" అన్నాడు సరంగు. మళ్ళీ నవ్వారు.

నేను బస్తా మీద కూర్చున్నవాణ్ణి లేచాను. లేచి ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ లేచాను. మా సరంగు నా వైపు చూసి, "ఎండ తగిలిందాండీ?" అన్నాడు. లేదన్నాను. లాకు తలుపులు తీశారు, నీళ్ళు దిగాయి, పడవ కదిలింది. అమలాపురం చేరేదాకా నేను ఈ కొస నుంచి ఆ కొసకు బస్తాల మీద నడుస్తూనే ఉన్నాను. ఆ నవ్వును ఆ కాలవలోకి వదిలింది నేను.

ఆయన పేరు ఇక్కడ రాయను. నాకు తెలియక కాదు. ఆయన మా ఇంటికి పని మీద వచ్చిన అన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆ పేరుతో పిలవలేదు. "ఏమయ్యా" అన్నాను, "ఇదిగో" అన్నాను. నా కంటే ముప్పై ఏళ్ళు పెద్దవాణ్ణి "నువ్వు" అన్నాను. ఇప్పుడు "ఆయన" అని రాస్తుంటే వేళ్ళకు కొత్తగా ఉంది. బతికుండగా ఎత్తని పేరును పోయాక కాగితం మీద పెట్టి గౌరవించానని అనిపించుకోవడం నాకిష్టం లేదు.

సన్నటి మనిషి. మోకాలి మీద పంచె, తలకు చిన్న తువ్వాలు. చేతులు మాత్రం ఆ ఒంటికి తగినవి కావు; మరెవరో భారీ మనిషి చేతులు అరువు తెచ్చుకున్నట్టుండేవి. అరచేతులు గుగ్గిలంతో నల్లబడి ఉండేవి. ఒంటి నిండా చేపనూనె వాసన. పడవ సందుల్లో కొబ్బరిపీచు కూరి, గుగ్గిలం చేపనూనెలో కాచి పూయడమే ఆయన బతుకు. ఆయన మా వీధిలోకి వస్తే ముందు పిల్లులకు తెలిసేది. రెండు మూడు వెంట పడేవి. వాటితో, "లేవమ్మా, చేపలు లేవు, వాసనే ఉంది," అంటూ వచ్చేవారు.

మా వైపు గారు అనకుండా ఎవరూ నోరు తెరవరు, నిజమే. కాని ఆయన పడవల్ని కూడా గారు అనేవారు. "పడవగారికి దెబ్బ ఎక్కడ తగిలిందండీ?" అని మొదలుపెట్టేవారు, వైద్యుడిలాగా. మా అమ్మకు అది వినడం సరదా.

"మేకును కూడా గారంటావేమయ్యా?" అని అడిగింది ఒకసారి.

"మాట వింటే అంటానండమ్మా. వంకర తిరిగినోణ్ణి ఒరే అంటానండి."

ఆయన వాళ్ళది కోరంగి వైపు. ఉప్పెన వచ్చి ఊరంతా తుడిచిపెట్టుకు పోయాక ఇటు వచ్చారని చెప్పుకునేవారు. అక్కడ సముద్రం మీద తిరిగే ఓడలు కట్టారట. ఆయన నోట నేను వినలేదు. ఎవరైనా అడిగితే, "నీళ్ళు ఎక్కువండి అక్కడ," అని ఊరుకునేవారు.

చిన్నప్పటి నుంచి సుత్తి చప్పుళ్ళ మధ్య పెరగడం వల్ల చెవులు మందం. మనుషులు రెండుసార్లు చెప్పాలి. చెక్క మాత్రం ఒక్కసారి చెబితే చాలు. దానికి ఆయన దగ్గర ఒక సన్నటి తుమ్మపుల్ల ఉండేది, మూరెడు పొడుగు. ఒక కొస పళ్ళ మధ్య కరిచిపెట్టి, రెండో కొస పడవ చెక్కకు ఆనించి, వేలి కణుపులతో టకటకా కొడుతూ కళ్ళు మూసుకునేవారు. పుచ్చు ఎక్కడుందో, పగులు ఎంత లోతు దిగిందో పళ్ళకు తెలుస్తుందట. "చెవులు మనుషుల కోసమండి. చెక్క కోసం పళ్ళిచ్చేడు దేవుడు," అనేవారు. నేను వయసులో ఉన్న పొగరుతో, "పళ్ళూడితే ఏం చేస్తావు?" అన్నాను. ఆయన బాగా ఆలోచించి, "మెత్తటి చెక్క చూసుకోవాలండి," అన్నారు.

ఇంకోటి. అతుకు వేయడం అయ్యాక పడవ లోపలి వైపు సందు మీద తాటిబెల్లం నీళ్ళు రాసేవారు. బయట ఇసుకలో చీమల బారు ఉన్నచోటే పడవను నిలబెట్టుకునేవారు. సగం రోజు గొంతుక్కూర్చుని చూసేవారు. బయటి చీమ ఆ సందులోంచి దూరి లోపలి బెల్లానికి చేరితే అతుకు విప్పేసి మళ్ళీ మొదటి నుంచి. చేరకపోతే, "చీమగారు ఒప్పుకున్నారండి," అని లేచేవారు. ఊళ్ళో వాళ్ళకు అది తమాషా. నాకు విసుగు. పడవ గట్టున ఉన్న ప్రతి రోజూ మాకు నష్టమే. "త్వరగా కానీయవయ్యా," అంటే, "తమరికి తొందరగా ఉందండి. చెక్కకి లేదండి," అనేవారు.

దెబ్బ తిన్న పడవను చూపించి బాగుచేయాలా, మార్చాలా అని అడిగితే ఆ రోజు చెప్పేవారు కాదు. ఎవరు అడిగినా, ఎంత పెద్దవాళ్ళడిగినా. దెబ్బ తగిలిన చోట తడి గోనె కప్పి, "రేపు పొద్దున్న చెక్కనడిగి చెబుతానండి," అని వెళ్ళిపోయేవారు. మర్నాడు చెప్పేది మూడే మాటల్లో ఒకటి. బతికుంది. అలిసిపోయింది. పోయింది. పోయింది అనవలసి వస్తే ముందు తలగుడ్డ తీసేవారు.

మా పడవ సంగతికి వస్తాను. రావాలి కదా.

పడవ ముందు కొసన నిలువుగా ఒక లావుపాటి టేకు దుంగ ఉంటుంది. గట్టుకు తగిలినా, రాతికి తగిలినా, ఇంకో పడవకు తగిలినా దెబ్బ అది తీసుకుంటుంది, వెనకున్న పలకలకు తగలనీయదు. మా ఇంట్లో దాన్ని ముక్కుదుంగ అనేవాళ్ళం. ఒక ఏడు వేసవిలో గోదావరి పాయలో ఇసుక తిప్పకెక్కి మా పడవ ముక్కుదుంగ ఎడమవైపు పుచ్చి పగిలింది. ఆయనే వచ్చి, పుచ్చు మేర చెక్కి తీసేసి, అంత మేరా కొత్త టేకు ముక్క కూర్చి అతికారు. నాలుగు రోజులు పట్టింది. అందులో ఒక రోజు చీమలది.

తరువాతి ఏడు కోతలకు ముందు, పాత ధాన్యం వేసుకుని నేను అమలాపురం బయలుదేరాను. ఆనకట్ట వచ్చి, కాలవలు వచ్చి, లాకులు కొత్తగా పనిచేస్తున్న రోజులవి. లాకులో ఒక్కసారికి కొన్ని పడవలే పడతాయి. ముందు దూరినవాడు ముందు పోతాడు, మిగిలినవాడు పూట వెనకబడతాడు. ఆ రోజు ఇంకో ఒక్క పడవకు చోటుంది. కొత్తపేట వైపు పడవ ఒకటి మా పక్కనే వస్తోంది. అందులో ఒకడు నన్ను చూసి, "చినబాబుగారూ, తమరు నిదానంగా రండి, మేం వెళ్ళి అమలాపురంలో తమకు చాప పరుస్తాం!" అన్నాడు.

మా సరంగు, "పోనీయండి బాబూ, మూల ఇరుకుగా ఉంది," అన్నాడు.

నేను అతని చేతిలోంచి చుక్కాని లాక్కున్నాను. గట్టు మీద తాడు లాగేవాళ్ళను పరుగెత్తమని అరిచాను. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. చుక్కాని పట్టడం నాకు రాదు, వచ్చనుకునేవాణ్ణి. కొత్తపేట పడవ జారుకుంటూ లాకులోకి పోయింది. మేం లాకు రాతిగోడ మూలను ఎదురుగా గుద్దుకున్నాం. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు పళ్ళలో వినిపిస్తుంది.

ముక్కు కుడివైపు చీలికలు చీలికలై పోయింది. నీళ్ళు లోపలికి వచ్చాయి. ముందు వరస బస్తాలు తడిసిపోయాయి. గోనెలు కుక్కి, తాళ్ళతో బిగించి కట్టి పడవను వెనక్కి తెచ్చాం. దారి పొడుగునా నేను ఒక్క మాట వెతుక్కుంటూ వచ్చాను, అన్నయ్యకు చెప్పడానికి. రేవులో అన్నయ్య నిలబడి ఉన్నాడు. పడవ వంక చూసి, నా వంక చూశాడు.

"పాత అతుకు ఊడిపోయిందన్నయ్యా," అన్నాను. "చిన్నగానే తగిలింది. ఆ ముసలాయన వేసిన అతుకు ఆగలేదు."

అంత తేలికగా వచ్చేసింది నోట్లోంచి. మా సరంగు నా ముఖం చూసి, తరువాత నీళ్ళ వైపు చూశాడు. అతను మా ఉప్పు తినేవాడు, నోరు తెరవలేదు. రెండేళ్ళకు ఓడలెక్కి ఎటో వెళ్ళిపోయాడు. మిగతా వాళ్ళూ మా పాలేళ్ళే. సాయంత్రానికి రేవంతా తెలిసింది. నాలుగు రోజుల్లో కాలవంతా తెలిసింది. మాటకు తోక మొలిచి, "ముసలాయన అతుకు" అయింది.

అన్నయ్య ఆయనకు కబురు పెట్టాడు. ఆయన వచ్చారు, వెనక పిల్లి కూడా వచ్చింది. పడవను గట్టెక్కించి ఉంచాం. పైనంతా చీలికలు, గోనె పీచు, బురద. బయటి నుంచి చూస్తే ఏది పాత అతుకో ఏది కొత్త పగులో తెలిసే వీలు లేదు.

"ఏమయ్యా, ఈ దుంగ తీసి కొత్తది వేయాలా, ఇదే బాగుచేస్తే సరిపోతుందా? తేల్చి చెప్పు. కోతలు మొదలయ్యే లోపు పడవ నీళ్ళలో ఉండాలి," అన్నాడు అన్నయ్య.

"రేపు పొద్దున్న చెబుతానండి."

"పోయినసారీ ఇలాగే రేపన్నావు. చీమల్ని అడిగావు. పట్టుమని రెండేళ్ళు ఆగలేదు నీ అతుకు."

ఆయన ముక్కు దగ్గర గొంతుక్కూర్చున్నారు. పగుల్లోకి చెయ్యి దూర్చారు, మణికట్టు దాకా. వేళ్ళతో లోపల తడుముకుంటూ ఎడమవైపు వెళ్ళారు. చెయ్యి ఒకచోట ఆగింది. కాసేపు అక్కడే ఉంచారు. తరువాత తలెత్తి నన్ను చూశారు. కోపంగా చూసి ఉంటే నాకు సుఖంగా ఉండేది. వయసు మళ్ళిన మనిషి, తనకు తెలియని సంగతి ఏదో చిన్నవాడి దగ్గర నేర్చుకున్నట్టు చూశారు.

పొద్దు వాలకముందే నేను ఒక్కణ్ణీ రేవుకు వెళ్ళాను. ఇంట్లో కూర్చోలేకపోయాను. ఆయన గోనె తడుపుతున్నారు.

"మార్చడం దేనికి? బాగుచేస్తే సరిపోదూ?" అన్నాను.

"చెక్కనింకా అడగలేదండి."

"ఊరికే అంటున్నాను."

ఆయన గోనె సర్ది, చేతులు తుడుచుకున్నారు. "చినబాబుగారూ, దుంగ తీస్తే లోపల నా అతుకు కనపడుద్దండి," అన్నారు. "అది ఎక్కడిదక్కడే ఉందండి. పగులు దానికి జానెడు అవతల పడింది. గట్టిగా గుద్దితే తప్ప అలా పడదండి. తమరికి తెలుసుననుకోండి."

నేను వెనక్కి తిరిగి గట్టు మీద ఎవరైనా ఉన్నారేమో చూశాను. "ఎవరితోనైనా అన్నావా?" అన్నాను. ఆ మాట అడిగాను నేను.

"ఎవరూ అడగలేదుగదండీ."

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. సంగతి చాలా తేలిక. ఆయన "పోయింది" అంటే దుంగ కోసి తీస్తారు. తీస్తే అతుకు బయటపడుతుంది, నా అబద్ధం బయటపడుతుంది, ఆయన పేరు ఆయనకు తిరిగొస్తుంది. "బతికుంది" అంటే పైన కొత్త చెక్క తొడుగు వేసి మూసేస్తారు, అన్నీ దాని కిందే ఉండిపోతాయి. ఒక్క మాట. అది ఆయన నోట్లో ఉంది. ఆయన స్థానంలో నేనుంటే ఏమనేవాణ్ణో నాకు తెలుసు, అందుకే నాకు కుదురు లేదు.

పొద్దున్న అన్నయ్య, నేను, ఊళ్ళో పదిమంది రేవులో ఉన్నాం. ఆయన గోనె తీశారు. పుల్ల కరిచి, కింది నుంచి పైకి కొట్టుకుంటూ వెళ్ళారు. మళ్ళీ కిందికి వచ్చారు. మూడోసారి మళ్ళీ మొదలుపెట్టారు. అంతసేపు ఎప్పుడూ చేయలేదు. ఆఖరికి పుల్ల తీసి తుడుచుకున్నారు. తలగుడ్డ మీదికి చెయ్యి వెళుతుందేమోనని నేను చూస్తున్నాను. వెళ్ళలేదు.

"బతికుందండి," అన్నారు.

"అంటే?"

"పైన పగిలింది గానీ లోపల గట్టిగా ఉందండి. చెదిరిన మేర చెక్కేసి, ముందు తొడుగు వేసేస్తే ఇంకా చాలా ఏళ్ళు తిరుగుద్ది. కోయక్కర్లేదు."

"కొత్తది వేస్తే ఇంకా గట్టిగా ఉండదూ?"

"కొత్తది కొత్తదేనండి. కానీ బతికున్నదాన్ని కోయడం దేనికండీ?"

ఆయన నా మీద జాలిపడి అలా అన్నారని చాలా కాలం అనుకున్నాను. అలా అనుకోవడం నాకు బాగుండేది. జాలిపడినవాడికి కృతజ్ఞత చెప్పుకుని ఊరుకోవచ్చు. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ పొద్దున్న ఆయన ముందు నేను లేను. చెక్క ఉంది. అది బతికుంది, బతికుందన్నారు. అంతే.

ఇక్కడితో ఆగి ఉంటే నా తప్పు ఒక్కటే అయ్యేది. కాని గండం గడిచిందన్న సంతోషంలో నాకు నోరు తేలికైపోయింది. "బాగుచేయిద్దాం అన్నయ్యా. కాని ఈయన చేత మాత్రం వద్దు," అన్నాను. నన్నెవరూ అడగలేదు. పదిమందీ విన్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా.

ఆయనకు మొదటిసారి వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు తిరిగారు. నేను రెండోసారి చెప్పాను.

"ఆయ్," అన్నారు. పనిముట్లు మూట కట్టుకుని, "వడ్రంగి వచ్చేదాకా గోనె ఆరనీకండి," అని చెప్పి వెళ్ళారు.

అమలాపురం నుంచి ఇంకో వడ్రంగి వచ్చాడు. ఆయన చెప్పినట్టే తొడుగు వేశాడు. ఆ ముక్కు అప్పటి నుంచి ఒక్క చుక్క ఓడలేదు. ఆయన్ని మాత్రం మా కాలవ మీద ఏ పడవవాడూ పిలవలేదు.

నాలుగైదేళ్ళ తరువాత రాజోలు సంతలో కనిపించారు. గోనెపట్టా పరుచుకుని పీటలు, కవ్వాలు, కొబ్బరికోరు పీటలు అమ్ముతున్నారు. ఓడలు కట్టిన చేతుల్లో కవ్వం. నేను దాటిపోదామనుకున్నాను. ఆయనే చూశారు.

"చినబాబుగారూ! పడవగారు బాగున్నారాండీ?"

"బాగుంది," అన్నాను.

"ముక్కు ఓడట్లేదుగదండీ?"

"లేదు."

"ఆయ్!" అన్నారు, ముఖమంతా వికసించి. పక్కన వంకాయలమ్మే మనిషితో, "చెప్పేనుగా, బతికుందని," అన్నారు, ఆ మనిషికి ఏ సంగతీ తెలియకపోయినా.

చుట్టూ జనం లేరు. అన్నయ్య లేడు. అడ్డేమీ లేదు. ఒక్క మాట అంటే సరిపోయేది. నేను ఒక పీట చేతిలోకి తీసుకుని తిరగేసి, "ఈ ఏడు వానలు వెనకబడ్డాయి," అన్నాను. ఆ పీట కొనుక్కుని ఇంటికి వచ్చాను. దాని మీద ఎప్పుడూ కూర్చోలేదు.

అన్నయ్య పోయాడు. అన్నయ్యకూ నిజం చెప్పలేదు. పడవ నా చేతికి వచ్చింది.

ఆయన పోయిన మాట విన్న ఆ ప్రయాణంలోనే, అమలాపురం నుంచి తిరిగొస్తుంటే లాకుల దగ్గర ఆ సరంగే మళ్ళీ కనిపించాడు, తాడు జారిన పడవవాడు. చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. నేను పడవ దిగి వాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఆ ముసలాయన అతుకు ఊడలేదు," అన్నాను. "చుక్కాని నేను పట్టి గోడకు గుద్దించాను. నేను అబద్ధం చెప్పాను."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరంగు చేతులు జోడించినంత పని చేశాడు.

"తమరిది ఎంత పెద్ద మనసండీ! పోయినోడికి మాట రాకూడదని నింద తమ మీదేసుకుంటన్నారు."

"కాదయ్యా, నిజం."

"ఆయ్, ఆయ్. తమరలాగే అంటారండి. పెద్దింటోళ్ళ లక్షణం."

ఎంత చెప్పినా అంతే. చెప్పినకొద్దీ నేను మంచివాణ్ణయిపోతున్నాను. నేను పడవెక్కేటప్పుడు ఒకడు చెయ్యి కూడా అందించాడు.

మూడు రోజులు ఇంట్లో నిలవలేకపోయాను. నాలుగో రోజు అమలాపురం వడ్రంగిని వెంటబెట్టుకుని, పడవను ఆ లాకుల దగ్గరే గట్టెక్కించాను.

"ముక్కుదుంగ కోసి తీసెయ్యి," అన్నాను.

అతను చేత్తో కొట్టి చూశాడు. "లక్షణంగా ఉందండి. ఎందుకు తీయడం?"

"తియ్యి."

మధ్యాహ్నం దాకా పట్టింది. తొడుగు చెక్కేశాడు, రంపం పెట్టాడు. అంత గట్టి చెక్క కోస్తుంటే రంపం రెండుసార్లు పట్టేసింది. దుంగ బయటికి వచ్చాక అతను ఎడమవైపు బురద కడిగి, అతుకు మీద బొటనవేలి గోరు పెట్టి లాగాడు. గోరు ఎక్కడా తగలలేదు. మళ్ళీ లాగాడు.

"ఇది అతుకాండీ? పుట్టుకే ఇలాగాండీ?" అన్నాడు.

పడవలవాళ్ళు ఒక్కొక్కళ్ళే దిగి వచ్చారు. ఒకరి తరువాత ఒకరు గోరుతో గీరి చూశారు. సరంగు అందరికంటే ఎక్కువసేపు చూశాడు. పగులు ఎక్కడుందో, అతుకు ఎక్కడుందో జాన పెట్టి కొలిచాడు.

"అయితే ఇది ఊడలేదు," అన్నాడు.

"ఊడలేదు."

"మరి ఆ రోజు తమరే..."

"నేనే."

పెద్ద మనసు అని ఎవరూ అనలేదు. "అప్పుడే అనుంటే సరిపోయేదిగదండీ," అన్నాడు తాడు లాగేవాడు, నా వైపు చూడకుండా. ఎవరి పడవల్లోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ముక్కు లేని మా పడవ గట్టు మీద నోరు తెరుచుకుని ఉంది. దాని పక్కన నేను నిలబడ్డాను. ఇంత చేశాక లోపల కొంచెమైనా నెమ్మదిస్తుందనుకున్నాను.

అతుకున్న మేర దుంగను మూరెడు ముక్క కోయించి గుడ్డలో చుట్టుకుని, ఆయన ఇంటికి వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళలేదు, ఎప్పుడూ ఆయనే వచ్చేవారు. పాయ గట్టున తాటాకుల ఇల్లు. ఆయన భార్య వాకిట్లో కూర్చుని చీపుర్లకు కొబ్బరి ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని నేనే నేల మీద కూర్చున్నాను. మా వంశంలో ఆ వాకిట్లో కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. ఆ సంగతి కూడా ఆ క్షణంలో నాకు గుర్తుకొచ్చింది, అందుకూ సిగ్గుపడుతున్నాను.

గుడ్డ విప్పి ముక్క ఆవిడ ముందు పెట్టాను. మొత్తం చెప్పాను. చుక్కాని, రాతిగోడ, అన్నయ్యతో అన్న మాట, రేవులో పదిమందిలో రెండుసార్లు అన్న మాట, సంత. ఏదీ దాచలేదు. ఆవిడ ఈనె తీయడం ఆపలేదు. వింటోందో లేదో తెలియలేదు.

నేను ఆగాక చాకు కింద పెట్టి, ముక్కను ఒళ్ళోకి తీసుకుంది. అతుకు ఉన్న ముఖం చూడలేదు. తిరగేసి, రంపం కోసిన ముఖం చూసింది. ఎర్రగా, కొత్తగా, ఇంకా నూనె వాసనతో ఉంది. అరచేత్తో నిమిరింది.

"బతికున్న చెక్కండి ఇది. ఎందుకు కోయించేరు?"

"ఆయన పేరు నిలబెడదామని," అన్నాను.

ఆవిడ కోసిన చోటి నుంచి చెయ్యి తీయలేదు.

"ఆయన అడగలేదుగదండీ," అంది.